ఉస్తరా కొనాలా, సేఫ్టీ రేజర్ చాలా?

బ్రష్షుతో నురగ పట్టించి పాత పద్ధతిలో గడ్డం గీసుకోవాలనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి ఉస్తరా, అంటే తోలు పట్టా మీద రుద్ది వాడే మడత కత్తి. రెండోది బ్లేడు పెట్టి మర బిగించే సేఫ్టీ రేజర్. చేయి తిరిగాక రెండూ నున్నగానే గీస్తాయి. చెంప మీద కనపడే తేడా చాలా తక్కువ. అసలు తేడా గీయడం అయిపోయాక మొదలవుతుంది. రేజర్‌లో పదును పోతే రెండు మూడు రూపాయల బ్లేడు మారుస్తారు. ఉస్తరాకు పదును పోతే మీరే సాన పట్టుకోవాలి. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉండేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇదే, ఎందుకంటే ఉస్తరాకు సరిగ్గా సాన పట్టే చెయ్యి ఇప్పుడు ఇటువైపు దొరకడం కష్టం.

అందుకని మా మాట ముందే చెప్పేస్తాం. పొద్దున్నే గీసుకుని పనికి పోవాల్సినవాళ్లు సేఫ్టీ రేజర్ తీసుకోండి. పనిముట్టు మీద ప్రేమ, వారంలో ఒక పూట తీరిక, కొంత ఓపిక ఉన్నవాళ్లు ఉస్తరా గురించి ఆలోచించండి, అదీ రేజర్‌తో చేయి కుదిరాకే.

షాపులో చూసేది ఉస్తరా కాదు

కటింగ్ షాపులో మెడ మీద ఆడే కత్తిని చూసి చాలామంది అదే ఉస్తరా అనుకుంటారు. ఇప్పుడు మిర్యాలగూడలో అయినా, గద్వాలలో అయినా షాపుల్లో వాడేది సగం బ్లేడు కత్తి. ఆకారం ఉస్తరాదే, కానీ దానికి సొంత పదును లేదు. మామూలు బ్లేడును కాగితం పొట్లంలో ఉండగానే నిలువునా మధ్యకు మడిచి విరిచి, ఒక సగం అందులో దూరుస్తారు. ఒకే కత్తి పది మంది గడ్డాల మీద తిరిగితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం ద్వారా అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి పాత కత్తులు పక్కకు పోయి ఇవి వచ్చాయి. షాపుకు పోయినప్పుడు బ్లేడు మీ కళ్ల ముందే విరవమని అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

"ముందు సగం బ్లేడు కత్తితో నేర్చుకో, తర్వాత ఉస్తరా కొనుక్కో" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మేం ఒప్పుకోం. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు మాత్రమే, అంచు ఒంగుతుంది, రెండు చివర్లా మూలలు సూదుల్లా ఉంటాయి. కత్తి మొత్తం తేలిక కాబట్టి తెలియకుండానే చేయి నొక్కుతుంది, నొక్కితే తెగుతుంది. ఉస్తరా దీనికి పూర్తిగా భిన్నం: బరువుంటుంది, గుండ్రటి కొన ఉంటుంది, తన బరువుతోనే నడుస్తుంది. సగం బ్లేడు కత్తి మీద అలవాటైన చేతిని ఉస్తరా కోసం మళ్లీ మార్చుకోవాలి. గడ్డం ఉంచుకుని అంచులు, కలములు (చెవుల ముందు జుట్టు) తీర్చుకునేవాళ్లకు మాత్రం ఇది చక్కటి పనిముట్టు. గీత ఎక్కడ పడుతుందో కళ్లకు కనపడుతుంది, సేఫ్టీ రేజర్‌లో మూత అడ్డమొస్తుంది.

సేఫ్టీ రేజర్ కొనేటప్పుడు

కింగ్ క్యాంప్ జిలెట్‌కు అమెరికాలో పేటెంట్ వచ్చింది 1904లో. మారిస్తే పోయే పల్చటి బ్లేడు అన్న ఆ ఆలోచన ఇప్పటికీ అలాగే నడుస్తోంది. దీంతో మనకొచ్చే లాభం ఏమిటంటే, రెండంచుల బ్లేడు ఏ కంపెనీదైనా ఏ రేజర్‌లోనైనా సరిపోతుంది. టోపాజ్, సూపర్‌మ్యాక్స్, సెవెన్ ఓ క్లాక్, విల్కిన్సన్, ఏది దొరికితే అది. దేవరకొండలో కిరాణా కొట్టుకు పోయినా ఏదో ఒకటి ఉంటుంది. బ్లేడ్లున్న తలకాయ మొత్తాన్నీ మార్చే కార్ట్రిడ్జ్ రేజర్లకు ఆ సౌకర్యం లేదు.

రేజర్లు మూడు రకాలు. మూడు ముక్కలది: పైన మూత, కింద పలక, పిడి. రెండు ముక్కలది: పలక పిడికే అతికి ఉంటుంది. మూడోది పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునేది. రెక్కలది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, ఉప్పు నీళ్ల ఊళ్లలో దాని కీళ్లలో సబ్బు, సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. మూడు ముక్కలదైతే విప్పి కడిగితే అయిపోయింది. మన నీళ్లకు అదే నయం.

లోహం కూడా చూడండి. చవక రేజర్లు చాలావరకు జింకు మిశ్రమంతో పోత పోసి పైన క్రోమ్ పూత వేసినవి. పూత లేచిన చోట లోపలి లోహం తినేయడం మొదలవుతుంది. బాత్రూం గచ్చు మీద పడితే మూతకున్న మర పుటుక్కున విరుగుతుంది, గట్టిగా బిగించినా అంతే. వేళ్లతో ఆగేదాకా తిప్పి వదిలేయాలి. డబ్బు పెట్టగలిగితే ఇత్తడిదో, స్టెయిన్‌లెస్ స్టీల్‌దో తీసుకోండి, మళ్లీ కొనే పని పడదు.

మొదటిసారి కొనేవాళ్లు మెత్తగా గీసేదాన్నే ఎంచుకోవాలి. బ్లేడు అంచుకూ కింద పలకకూ మధ్య సందు తక్కువ ఉన్నది మెత్తగా, ఎక్కువ ఉన్నది దూకుడుగా గీస్తుంది. కింది పట్టీ దువ్వెన పళ్లలా ఉన్నవి మూడు నాలుగు రోజుల గుబురు గడ్డానికి పనికొస్తాయి. రోజూ, రోజు విడిచి రోజు గీసుకునేవాళ్లకు నిండు పట్టీ ఉన్నదే చాలు. గరుకు గడ్డానికి దూకుడు రేజర్ కావాలనుకుంటారు, అది పొరపాటు. మెత్తటి రేజర్‌లో పదునైన కొత్త బ్లేడు పెట్టి చూడండి, చాలామందికి అక్కడితో సమస్య తీరుతుంది.

బ్లేడు ఎక్కించడంలో జరిగే తప్పు ఒకటే, కానీ అందరూ చేస్తారు. మూతను లోపలి గూటాలు పైకి వచ్చేలా పెట్టి, బ్లేడును పొట్టి చివర్లు పట్టుకుని గూటాల మీద కూర్చోబెట్టి, పైన పలక ఉంచి, పిడి తిప్పాలి. బిగించేటప్పుడు బ్లేడు రెండు పొట్టి చివర్లనూ వేళ్లతో అదిమి పట్టుకోవాలి, లేకపోతే అది ఒక పక్కకు జరుగుతుంది. తర్వాత రేజర్‌ను ఎదురుగా పట్టుకుని రెండు వైపులా అంచు సమానంగా బయటకు వచ్చిందా లేదా చూడండి. ఒక పక్క ఎక్కువొస్తే ఆ పక్క కోస్తుంది, రెండో పక్క అసలు గీయదు. "ఈ రేజర్ ఒకవైపే పని చేస్తుంది" అని విసుక్కునేవాళ్ల బాధ చాలావరకు ఇదే.

ఒక బ్లేడు మూడు నుంచి ఐదు గడ్డాలకు వస్తుంది. వెంట్రుకను కోయకుండా లాగుతోందంటే ఆ పూటే పారేయండి. బ్లేడును తువ్వాలతో తుడవకూడదు, అంచు పాడవుతుంది, తువ్వాల కూడా తెగుతుంది. మర కొంచెం వదులు చేసి, నీళ్లలో ఆడించి, విదిలించి ఆరబెడితే చాలు. బ్లేడు కంపెనీ మార్చి చూడాలనుకుంటే సబ్బు, రేజర్ అవే ఉంచి బ్లేడు ఒక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే మంట దేనివల్లో తేలదు.

ఉస్తరాతో వచ్చే సంసారం

ఉస్తరా కొనడమంటే కత్తి ఒక్కటే కొనడం కాదు. తోలు పట్టా కావాలి, సాన రాళ్లు కావాలి, వాటిని వాడే చెయ్యి కావాలి.

కత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెప్తారు. మొదటిసారి కొనేవాళ్లకు 5/8 గానీ 6/8 గానీ బాగుంటుంది. అంతకంటే వెడల్పైతే ముక్కు కింద తిరగదు. కొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చదరపు కొన మీసం అంచుకు బాగుంటుంది కానీ నేర్చుకునే రోజుల్లో చెవి తమ్మెను వదలదు. జర్మనీలో సోలింజెన్, ఇంగ్లండులో షెఫీల్డ్, ఫ్రాన్సులో తియేర్ ఈ కత్తులకు పేరున్న ఊళ్లు. కొత్త సోలింజెన్ కత్తి మన చేతికి వచ్చేసరికి పది వేల పైమాటే. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు, చెక్క పెట్టెలో పెట్టి, పిడి మీద చెక్కడాలతో అమ్మేవి ఉంటాయి. వాటిలో చాలావాటికి ఉక్కే సరైంది కాదు, ఎంత సాన పట్టినా పదును నిలవదు. గోడకు తగిలించుకోవడానికైతే సరే.

తాతల నాటి కత్తి ఇంట్లో ఉంటే అదృష్టమే, కానీ ముందు పరీక్షగా చూడండి. పైపై తుప్పు పోతుంది. అంచు మీద గుంటలు పడి ఉంటే మాత్రం సాన పట్టిన ప్రతిసారీ అక్కడ అంచు విరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి అంచు పొడవునా చూడండి, వెంట్రుకంత చీలిక ఉన్నా దాన్ని వాడకండి. ఇక వీధిలో సైకిలు మీద చక్రం తిప్పుతూ కత్తులకు, కత్తెర్లకు సాన పట్టేవాళ్లకు ఉస్తరాను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. వాళ్ల పనితనం గురించి కాదు ఈ మాట. కూరగాయల కత్తికి ఆ చక్రం సరిపోతుంది. ఉస్తరా అంచు కాగితం కన్నా పల్చన, చక్రం రాపిడికి క్షణంలో వేడెక్కి నీలి రంగు తిరుగుతుంది. నీలి తిరిగిన చోట ఉక్కు పదును పట్టే గుణం పోయినట్టే.

సాన పట్టేది చదునైన నీటి రాయి మీద, చేత్తోనే. ఉస్తరా తయారీలోనే ఒక తెలివి ఉంది: కత్తి వీపు, అంచు రెండూ రాయిని తాకేలా పడుకోబెడితే కోణం దానంతటదే కుదురుతుంది. వీపును ఒక్క వెంట్రుకవాసి లేపినా అంచు గుండ్రమై మొద్దుబారుతుంది. అంచు ముందు నడిచేలా నెట్టి, చివర్లో తిప్పి, వెనక్కి తేవాలి. రాయి మీది అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. 1000 రాయి అంచు పూర్తిగా చెడిపోయినప్పుడే. తర్వాత 4000 లేదా 5000, ఆపైన 8000, వీలైతే 12000. మామూలుగా వాడే కత్తికి కొన్ని నెలలకోసారి చివరి రాయి ఒక్కటీ సరిపోతుంది. రాయి గుంట పడితే కత్తీ అలాగే తయారవుతుంది, కాబట్టి రాయిని ముందు చదును చేసుకోవాలి.

తోలు పట్టా మాత్రం గీసుకునే ప్రతిసారీ తప్పదు. ఒక కొసను తలుపు గొళ్లానికో, గోడ కొక్కేనికో తగిలించి, రెండో కొసను బిర్రుగా లాగి పట్టుకోవాలి. వదులుగా ఉంటే తోలు కుంగి అంచును చుట్టేస్తుంది, పదును పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇక్కడ నడక రాయి మీద నడకకు వ్యతిరేకం: వీపు ముందు, అంచు వెనక. చివరికి రాగానే కత్తిని వీపు మీదే దొర్లించి తిప్పాలి, అంచు మీద దొర్లిస్తే తోలు తెగుతుంది. తోలు పట్టాకు జతగా ఉండే గుడ్డ పట్టా మీద పోనూ రానూ ఇరవై, తోలు మీద యాభై. మొదట్లో నిదానంగా చేయండి, వేగం చూపించే చోటు కాదిది. పదును చూడ్డానికి ముంజేతి వెంట్రుకల మీద చర్మం తగలకుండా, వెంట్రుక సగం ఎత్తులో కత్తిని పోనివ్వండి. వెంట్రుక తెగి రాలితే సిద్ధం.

వాడిన తర్వాత కడిగి, పూర్తిగా తుడిచి, గుడ్డ పట్టా మీద నాలుగైదు సార్లు ఆడించి ఆరనివ్వాలి. వానాకాలంలో, వాడని రోజుల్లో, ఒక చుక్క కుట్టు మిషన్ నూనె రాయండి. వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు జిగురు కడతాయి. కత్తిని బాత్రూంలో ఉంచకండి. ఇక ఎండాకాలంలో ఇంకో చిక్కు: మన పొడి వేడికి తోలు పట్టా ఎండి గట్టిపడుతుంది, కొమ్ము పిడులు పగులుతాయి. పట్టాను కిటికీ ఎండకు దూరంగా పెట్టి, అరచేత్తో అప్పుడప్పుడు రుద్దుతుంటే చేతి జిడ్డే దానికి చాలు.

నీళ్లు, నురగ

రెండు పనిముట్లకూ సమానంగా కావాల్సింది మంచి నురగ. మన దగ్గర అది చెడేది నీళ్ల వల్లే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నురగ నిలవదు. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ నురగ చెడడానికి కారణం అది కాదు, నీటి కఠినత్వం. సీసాలో కొంచెం నీళ్లు పోసి సబ్బు తరుగు వేసి ఊపి చూడండి. నురగ లేవక నీళ్లు తెల్లగా మసకబారితే ఆ నీళ్లు గడ్డానికి పనికిరావు. ఒక గ్లాసు క్యాను నీళ్లో, కుళాయికి వచ్చే కృష్ణా నీళ్లో నురగ కోసం విడిగా పెట్టుకోండి. ముఖం కడగడానికి, రేజర్ ఆడించడానికి బోరు నీళ్లే చాలు. కఠిన నీళ్లలో గట్టి సబ్బు కన్నా ట్యూబు క్రీము కొంచెం నయం.

స్నానం అయ్యాక గీసుకుంటే సగం పని అయినట్టే, వెంట్రుక నాని మెత్తబడుతుంది. బ్రష్షును రెండు నిమిషాలు నీళ్లలో నానబెట్టి విదిలించి, బాదం గింజంత క్రీము వేసి, నీళ్లు చెంచాలో పావు వంతు చొప్పున కలుపుతూ తిప్పండి. బుడగలు కనపడినంత సేపు ఇంకా కుదరనట్టే. గడ్డ పెరుగులా మెరుస్తూ నిలవాలి. మే నెలలో నీళ్లు కాచే పని లేదు, మధ్యాహ్నం ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. అయితే అప్పుడు నురగ ముఖం మీదే ఎండిపోతుంది కాబట్టి ఒకేసారి ముఖమంతా పూయకుండా ఒక చెంప, తర్వాత రెండో చెంప చేయండి. 42, 43 డిగ్రీల ఎండలో పొద్దున గీసుకుని బండి మీద పోతే చెమట తగిలి మంట పుడుతుంది, ఆ నెలల్లో రాత్రి పడుకోబోయే ముందు గీసుకోవడం మేలు.

గీసే తీరు

రెండింటికీ కోణం సుమారు 30 డిగ్రీలే. సేఫ్టీ రేజర్ అయితే మూతను చెంపకు ఆనించి, పిడిని నిదానంగా కిందికి దించుతూ పోండి, అంచు వెంట్రుకను తాకిన చప్పుడు వినపడ్డ చోట ఆపండి. అదే కోణం. నొక్కకూడదు, రేజర్ బరువు చాలు. కార్ట్రిడ్జ్ నుంచి మారినవాళ్ల మొదటి వారం గాట్లన్నీ నొక్కడం వల్ల వచ్చేవే.

ఉస్తరాను బొటనవేలు కత్తి మెడ (అంచుకూ పిడికీ మధ్య సన్నటి భాగం) కింద, మూడు వేళ్లు ఆ మెడ మీద, చిటికెన వేలు కత్తి తోక మీద ఉంచి పట్టుకుంటారు. ఖాళీ చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. ఇక్కడ రెండు చేతులకూ పని ఉంటుంది, ఎడమ చెంపకు ఎడమ చేత్తో గీయడం నేర్చుకుంటే సుఖం. కత్తిని అంచు ముందుండేలా నేరుగా మాత్రమే నడపాలి. అంచు దిశలో పక్కకు ఒక్క మిల్లీమీటరు జారినా కూర తరిగినట్టు తెగుతుంది. చేతిలోంచి జారితే పట్టుకోబోకండి, చెయ్యి వెనక్కి తీసుకుని కింద పడనివ్వండి. కత్తి పోతే పోతుంది.

మొదటి రెండు వారాలు ఉస్తరాతో రెండు చెంపలు మాత్రమే గీసి, గదవ, పైపెదవి, మెడ సేఫ్టీ రేజర్‌తో ముగించండి. తర్వాత మెడ, ఆఖరున గదవ. ఇలా చేస్తే ముఖం మీద మచ్చలు పడకుండా చేయి కుదురుతుంది. అందుకే ఉస్తరా కొనేవాళ్లకు కూడా ముందు రేజర్ ఉండాలంటున్నాం.

వెంట్రుక వాలు తెలుసుకోవడం ముఖ్యం. రెండు రోజులు గడ్డం వదిలేసి వేలితో నిమిరితే ఎటు నున్నగా, ఎటు గరుకుగా ఉందో తెలుస్తుంది. మెడ మీద చాలామందికి వాలు పక్కలకు తిరిగి ఉంటుంది. మొదట వాలు వెంబడి, మళ్లీ నురగ పూసి అడ్డంగా. వాలుకు ఎదురు గీయడం చర్మం ఓర్చుకుంటేనే. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లు ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికే ముడుచుకుని పొక్కులు లేస్తాయి. వాళ్లు రెండు వాయిల దగ్గర ఆపేయాలి. గాటు పడితే చల్లనీళ్లు, తర్వాత తడిపిన పటిక ముక్క.

ఖర్చు, ఇంకొన్ని సంగతులు

వారానికి మూడుసార్లు గీస్తే ఏడాదికి 156 సార్లు. బ్లేడు నాలుగు సార్లకు వస్తే 39 బ్లేడ్లు. బ్లేడు ఐదు రూపాయలు వేసుకున్నా రెండు వందలు దాటదు. ఉస్తరాతో బ్లేడు ఖర్చు ఉండదన్నది నిజమే. కానీ కత్తి, పట్టా, రాళ్ల మీద పెట్టిన పదిహేను, ఇరవై వేలు ఆ రెండు వందల లెక్కన ఎప్పటికి తిరిగొస్తాయో మీరే వేసుకోండి. డబ్బు మిగుల్చుకోవడానికి ఉస్తరా కొనేవాళ్లు లెక్క తప్పుతున్నారు. ఇష్టంతో కొంటే మాత్రం ఎవరూ కాదనరు, సరిగ్గా చూసుకుంటే అది మనవడి దాకా నడుస్తుంది.

టైం కూడా చూసుకోండి. రేజర్‌తో నురగతో సహా పది నిమిషాలు, ఉస్తరాతో పట్టా పనితో కలిపి అరగంట. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, చెయ్యి వణికేవాళ్లు ఉస్తరా జోలికి పోవద్దు. యాదగిరిగుట్టలో మొక్కు తీర్చుకుని వచ్చి, ఇంట్లో కూడా గుండు అలాగే ఉంచుకోవాలనుకునేవాళ్లకు సేఫ్టీ రేజరే దారి. తల వెనక భాగాన్ని కనపడని చోట ఉస్తరాతో గీయడం సొంతంగా చేసే పని కాదు. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు ఉస్తరా గానీ బ్లేడు గానీ చేతి సంచిలో పెట్టుకోకుండా లగేజీలో వేయండి.

పాత బ్లేడ్లను చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ వాళ్ల చేతులు తెగుతాయి, కుప్పలో మేసే ఆవుల నోట్లోకి పోతాయి. మూత ఉన్న రేకు డబ్బా ఒకటి తీసుకుని మూతకు బ్లేడు దూరేంత గాటు పెట్టండి, మూత చుట్టూ టేపు వేసేయండి. వాడిన బ్లేడు అందులోంచి లోపలికే పోతుంది, బయటికి రాదు. డబ్బా నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక గాటు మీద కూడా టేపు అంటించి, లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి, పొడి చెత్తలో విడిగా చేతికివ్వండి.